నదిలో దొరికిన ల్యాప్‌టాప్, దొరకని ప్రాసిక్యూటరు

అమ్మా, నువ్వడిగిన ప్రశ్న రెండు రోజులుగా నన్ను వదల్లేదు. తిరుపతిలో లా చదువుతున్నానని, సెమినారు కోసం అమెరికా ప్రాసిక్యూటరు రే గ్రీకార్ అదృశ్యం కేసు తీసుకున్నానని రాశావు. ఆయన్ని చంపేశారా, నదిలో దూకారా, తనంతట తానే ఎటో వెళ్లిపోయారా, ఈ మూడింటిలో ఏది నమ్మాలి, శవం లేకుండా ఆయన చనిపోయినట్టు కోర్టు ఎలా చెప్పింది అని అడిగావు. నేను చిత్తూరు, తిరుపతి కోర్టుల్లో ఇరవై రెండేళ్లు ప్రాసిక్యూటరుగా నిలబడినవాణ్ణి. ఆయన అక్కడ చేసిన పని లాంటిదే నేనిక్కడ చేశాను కాబట్టి ఈ కేసు గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఆయన బతికి లేరనే నా నమ్మకం. ఆ ల్యాప్‌టాప్‌ని పనికిరాకుండా చేసింది మాత్రం ఆయనే అయి ఉండాలి. ఈ రెండూ కలిపి ఒకే కథ అంటే నేను ఒప్పుకోను. ఈ కేసు చదివేవాళ్లు ఎక్కువమంది దారి తప్పేది అక్కడే.

ముందు రికార్డు చూద్దాం. పెన్సిల్వేనియా రాష్ట్రంలో సెంటర్ కౌంటీ ఉంది, మన జిల్లా లాంటిదనుకో. బెల్‌ఫాంట్ దాని కేంద్రం. పెన్ స్టేట్ యూనివర్సిటీ ఉన్నది ఆ కౌంటీలోనే. గ్రీకార్ 1985 నుంచి అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీ. మన దగ్గర పీపీని, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటరుని ప్రభుత్వం నియమిస్తుంది, ఛార్జిషీటు పోలీసులు వేస్తారు, దాన్ని కోర్టులో నడపడం మన వంతు. అక్కడ డిస్ట్రిక్ట్ అటార్నీని జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎవరి మీద కేసు పెట్టాలి, ఎవరి మీద వద్దు అనేది ఆయన చేతిలో ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకో, ముందుకు పోయాక కావాలి. 2005 నాటికి ఆయనకు 59 ఏళ్లు. ఇక పోటీ చేయనని, ఆ ఏడాది చివర్లో దిగిపోతానని అప్పటికే చెప్పి ఉన్నారు.

2005 ఏప్రిల్ 15, శుక్రవారం. ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేదు. పగలు పదకొండున్నర ప్రాంతంలో, తనతో కలిసి ఉంటున్న ఆవిడకు ఫోన్ చేసి, కారులో అలా బయటికి వచ్చానని చెప్పారు. రాత్రయినా ఇల్లు చేరలేదు. ఆవిడ ఆ రాత్రే పోలీసులకు చెప్పింది. మర్నాడు, ఇంటికి సుమారు గంట ప్రయాణంలో ఉన్న లూయిస్‌బర్గ్ అనే ఊళ్లో, పాత వస్తువులమ్మే దుకాణాల దగ్గరి పార్కింగులో ఆయన ఎర్ర మినీ కూపర్ కనిపించింది. సస్క్వెహానా నది మీది వంతెన అక్కడికి దగ్గరే. కారులో సెల్‌ఫోన్ ఉంది. పర్సు లేదు, తాళంచెవులు లేవు, ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ లేదు. కారులో సిగరెట్ బూడిద, పొగ వాసన ఉన్నాయి. ఆయన సిగరెట్ తాగరు, తన కారులో ఇంకొకరు తాగినా సహించరు.

జులై 30న చేపలు పట్టేవాళ్లకు ఒక వంతెన కింద నదిలో ఆ ల్యాప్‌టాప్ దొరికింది. లోపల హార్డ్‌డిస్క్ లేదు. రెండు నెలలు గడిచాక అక్టోబరులో అదీ నది ఒడ్డున విడిగా దొరికింది. నిపుణులు ఎంత ప్రయత్నించినా దానిలోంచి ఒక్క అక్షరం బయటికి రాలేదు. 2009లో పోలీసులు ఇంకో సంగతి బయటపెట్టారు. ఆయన ఇంట్లోని కంప్యూటరులో, హార్డ్‌డిస్క్‌ను పాడుచేయడం ఎలా, నోట్‌బుక్ కంప్యూటరు నీళ్లలో తడిస్తే ఏమవుతుంది అని ఎవరో ఇంటర్నెట్‌లో వెతికి ఉన్నారు. 2011 జులై 25న కూతురి అభ్యర్థన మీద కోర్టు ఆయన చనిపోయినట్టు ప్రకటించింది. 2014లో కేసు రాష్ట్ర పోలీసుల చేతికి వెళ్లింది. నేటికీ అది తేలలేదు.

ఇక చంపేశారనే వాదం. ప్రాసిక్యూటరు కనిపించడం లేదనగానే ఎవరికైనా మొదట తట్టేది అదే. ఇరవై ఏళ్లు జనాన్ని జైలుకు పంపిన మనిషికి శత్రువులుండరా? ఉంటారు. నాకూ ఉండిరి. యావజ్జీవం పడిన ఒక ముద్దాయి తమ్ముడు చిత్తూరు కోర్టు బయట టీ కొట్టు దగ్గర నా పక్కకొచ్చి నిలబడి, "మీ పిల్లోళ్లు ఏ స్కూల్లో చదవతా ఉండారు సార్" అని అడిగాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నెల్లాళ్లు మా ఆవిడ పిల్లల్ని తనే దింపి తనే తెచ్చుకునింది. ఆ భయం ఎట్లుంటుందో నాకు తెలుసు. అయితే ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, శిక్ష పడినవాళ్ల కోపం ముందు సాక్షి మీదికి పోతుంది, ఆ తర్వాత పట్టుకున్న పోలీసు మీదికి పోతుంది. నల్లకోటేసుకుని ప్రశ్నలడిగిన మనిషి వరకూ రావడం తక్కువ. అమెరికాలో డిస్ట్రిక్ట్ అటార్నీ పేరు బ్యాలెట్ మీద ఉంటుంది, పత్రికల్లో ఫొటో పడుతుంది, కాబట్టి ఆ లెక్క అక్కడ కొంత మారుతుందనుకో. అయినా పగతో చంపినవాడు శవాన్ని ఆనవాలు లేకుండా దాచేసి, ల్యాప్‌టాప్ విప్పి, హార్డ్‌డిస్క్ బయటికి తీసి, దాన్ని వేరే, దీన్ని వేరే పడేస్తాడా? సీమలో పగల కేసులు నడిపినవాడిగా చెప్తున్నా, పగ తీర్చుకున్నవాడు అది పదిమందికి తెలియాలని కోరుకుంటాడు. ఒక మోటారుసైకిల్ ముఠా ఆయన్ని చంపిందని 2013లో వార్తలొచ్చాయి. దానికి ఆధారం మాత్రం రాలేదు.

నీ పేపర్లో ఎక్కువ పేజీలు శాండస్కీకి ఇచ్చావు కదా, అక్కడ కాస్త ఆగు. జెర్రీ శాండస్కీ పెన్ స్టేట్ ఫుట్‌బాల్ జట్టుకు సహాయ కోచ్. 1998లో ఒక తల్లి, తన పదకొండేళ్ల కొడుకు పట్ల అతని ప్రవర్తన గురించి యూనివర్సిటీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. విచారణ జరిగింది. కేసు పెట్టడం లేదని గ్రీకార్ నిర్ణయించారు. 2011 నవంబరులో శాండస్కీ అరెస్టయ్యాడు, 2012 జూన్‌లో 45 అభియోగాల మీద దోషిగా తేలాడు. అప్పుడు ఆ పాత నిర్ణయం బయటికొచ్చి, 'ఆయన మాయం కావడానికి ఇదే కారణం' అనే మాట మొదలైంది. వింటే సరిగ్గా అతికినట్టే ఉంటుంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడు. ఫిర్యాదు 1998. మాయమైంది 2005. శాండస్కీని జైలుకు పంపిన విచారణకు మూలమైన ఫిర్యాదు 2008లో వచ్చింది. 2005 ఏప్రిల్ నాటికి ఆ నిర్ణయాన్ని తిరగదోడుతున్నవాళ్లు లేరు. కేసు పెట్టనని చెప్పి ఏడేళ్లు ఊరకున్న మనిషిని, ఆ ఊరకోవడం వల్ల లాభపడినవాళ్లు ఎందుకు చంపుతారు?

ఆ 1998 నిర్ణయం తప్పా ఒప్పా అన్నది వేరే విషయం. ఆ తప్పు చిన్నది కాదనే నేనంటాను, ఎందుకంటే దాని తర్వాత పిల్లలు బలయ్యారు. సాక్ష్యం బలంగా లేదని వదిలేసిన ఫైలు నిద్రలో గుర్తొచ్చే రాత్రులు ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంటాయి. నాకున్నాయి. అయితే అపరాధ భావంతో ప్రాణం తీసుకున్నారని చెప్పాలన్నా 2005లో ఆయన్ని కదిలించిన సంఘటన ఒకటి చూపించాలి. అది లేకుండా రెండు పెద్ద వార్తల్ని కలిపి ముడేస్తే ముడి నిలవదు.

సిగరెట్ బూడిద మీద నీ స్నేహితురాలు చాలా గట్టిగా వాదించిందన్నావు. 'పొగ తాగని మనిషి కారులో బూడిద ఉందంటే ఇంకొకడు ఎక్కాడు, వాడే హంతకుడు.' ఈ మాట వింటే నాకు నా కేసొకటి గుర్తొస్తుంది. తోటలో జరిగిన హత్య. మధ్యవర్తుల సమక్షంలో పోలీసులు స్వాధీనం చేసుకున్న వాటిలో రెండు బీడీ ముక్కలున్నాయి. వాటిని ఎం.ఓ.లుగా, అంటే కేసులో సాక్ష్యంగా చూపే వస్తువులుగా గుర్తించాం. ముద్దాయి బీడీలు తాగుతాడని సాక్షులతో చెప్పించాం. నేను దాన్ని సాక్ష్యాల గొలుసులో ఒక లింకుగా కోర్టు ముందు పెట్టాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్సు లాయరు కానిస్టేబుల్‌ని ఒకే ప్రశ్న అడిగాడు, రాత్రంతా శవానికి కాపలా ఉన్నది ఎవరు అని. కాపలా ఉన్నది తానేనని, తెల్లవార్లూ బీడీలు తాగానని అతను నిజాయితీగా చెప్పాడు. ఆ కేసు అక్కడే కుంగిపోయింది. ఆ బీడీలు ఎవరివో నేను ముందే అడగాల్సింది. అడగకపోవడం నా తప్పే. అప్పటి నుంచి ఒక వస్తువు నేరం జరిగిన చోట ఉందంటే, అది ఎప్పుడొచ్చింది, ఎవరి వల్ల వచ్చింది అని రెండు ప్రశ్నలు వేసుకోకుండా ముందుకు కదల్లేదు. గ్రీకార్ కారులో బూడిద ఎవరో ఒకరు ఆయనతో కూర్చుని మాట్లాడారనడానికి పనికొస్తుంది. అంతవరకే. లూయిస్‌బర్గ్ దుకాణాల దగ్గర ఆయన్ని చూశామని, ఒక స్త్రీతో మాట్లాడుతుండగా చూశామని చెప్పినవాళ్లున్నారు. ఆ స్త్రీ ఎవరో తేలితే కేసు ఎటు కదిలేదో. మన కోర్టుల్లో 'ఆఖరిసారి కలిసి కనిపించడం' అనే సూత్రం ఉంది కదా, చనిపోయిన మనిషితో చివరగా కనిపించినవాడి మీదికి అనుమానం పోతుందనేది, దాన్ని వాడాలంటే కనిపించిన సమయానికి, మరణానికి మధ్య మూడో మనిషి దూరేంత ఎడం ఉండకూడదు. ఇక్కడ మరణ సమయమే లేదు, ఇక ఎడం దేన్నుంచి కొలుస్తాం?

ఇప్పుడు నది. గ్రీకార్ అన్న 1996 మేలో ఒహాయో రాష్ట్రంలో కనిపించకుండా పోయారు. కారు నది దగ్గర దొరికింది. కొన్ని రోజులకు గ్రేట్ మయామీ నదిలో శవం తేలింది. అధికారులు ఆత్మహత్యగా తేల్చారు. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడి కారూ నది పక్కనే దొరికింది. దీన్ని కాకతాళీయమని కొట్టిపారెయ్యడం నా వల్ల కాదు. ఒక ఇంట్లో అలాంటి చావు జరిగితే మిగిలినవాళ్ల మనసులో ఆ దారి ఎక్కడో తెరుచుకునే ఉంటుందని డాక్టర్లు కోర్టులో చెప్పగా విన్నాను, సొంత బంధువుల ఇళ్లలో చూశాను.

దీనికి ఎదురుగా వచ్చే వాదం, 'మరి శవం ఏదీ' అని. కారు దొరకగానే పడవలతో, గజ ఈతగాళ్లతో, హెలికాప్టరుతో వెతికారు, ఏమీ దొరకలేదు, కాబట్టి నదిలో లేరు అంటారు. మనవాళ్లు ఈ వాదానికి తొందరగా లొంగిపోతారు, ఎందుకంటే మనకు నదంటే స్వర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందులో దాచడానికేముంది? కానీ 2021 నవంబరు వరదల్లో అదే స్వర్ణముఖి ఎట్లా పారిందో చూసినవాళ్లను అడుగు. సస్క్వెహానా ఏడాది పొడుగునా నీళ్లుండే నది. లూయిస్‌బర్గ్ దగ్గరున్నది దాని పశ్చిమ శాఖ, సన్‌బరీ దగ్గర ఉత్తర శాఖతో కలిసి చివరికి చెసపీక్ అఖాతంలో పడుతుంది. వెచ్చని నీళ్లలో మునిగిన శవం రెండు మూడు రోజుల్లో ఉబ్బి తేలుతుంది, మన చెరువుల్లో చూస్తూనే ఉంటాం. చల్లటి నీళ్లలో కుళ్లడం నెమ్మదిస్తుంది కాబట్టి తేలడానికి వారాలు పడుతుంది, ఆలోగా చెట్ల వేళ్లకో రాళ్లకో చిక్కుకుంటే తేలనే తేలదు. అక్కడ ఏప్రిల్ అంటే నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి.

వీటన్నిటికన్నా నాకు బలంగా కనిపించేది ల్యాప్‌టాప్. ఏప్రిల్‌లో అంత వెతికినా అది దొరకలేదు, జులై చివర్లో చేపలు పట్టేవాళ్లకు దొరికింది. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉండి ఉంటే, ఆ గాలింపులో దొరకనిదేదీ నదిలో లేదని ఎట్లా అంటాం? ఆ వెతుకులాట శవం లేదని రుజువు చేయలేదు, కంటికి ఆనలేదని మాత్రమే చెప్పింది.

శవం దొరకనంత మాత్రాన కేసు మిస్టరీ అయిపోదనడానికి నీ పేపర్లో హెరాల్డ్ హోల్ట్‌ను చేర్చుకో. ఆస్ట్రేలియా ప్రధానమంత్రి, 1967 డిసెంబరు 17న స్నేహితులతో సముద్రానికి వెళ్లి, చెవియట్ బీచ్‌లో వాళ్ల కళ్లముందే అలల్లోకి ఈదుకుంటూ పోయి మళ్లీ కనిపించలేదు. శవం ఈనాటికీ లేదు. చైనా జలాంతర్గామి ఎక్కించుకుపోయిందని కూడా జనం చెప్పుకున్నారు. 2005లో అక్కడి కరోనర్, అంటే మరణ కారణాలు తేల్చే అధికారి, విచారణ జరిపి ప్రమాదవశాత్తూ మునిగిపోయారని తేల్చారు. గ్రీకార్ మాయమైన ఏడాదే ఆ తీర్పు వచ్చింది. ప్రధానమంత్రి శవాన్నే సముద్రం తిరిగివ్వలేదు.

తనంతట తానే వెళ్లిపోయారనే వాదం ఇంటర్నెట్‌లో ఎక్కువమందికి ఇష్టమైనది. దానికి ఒక మంచి ఆధారం కూడా ఉంది. 1985 జులైలో ఒహాయోలో హింక్లీ టౌన్‌షిప్ పోలీసు ఛీఫ్ మెల్ వైలీ మాయమయ్యాడు. కారు సరస్సు ఒడ్డున దొరికింది, మునిగిపోయాడనుకున్నారు. ఆ తర్వాత అతని టైపురైటరు రిబ్బను మీద అచ్చుపడిన అక్షరాల్ని చదివితే, వెళ్లిపోవడానికి సిద్ధమవుతూ రాసిన ఉత్తరం బయటపడింది. గ్రీకార్ స్వస్థలం ఒహాయోలోని క్లీవ్‌లాండే. ఆ కేసు మీద ఆయనకు ఆసక్తి ఉండేదని పత్రికల్లో వచ్చింది. అందుకే హార్డ్‌డిస్క్‌ను అంత జాగ్రత్తగా నాశనం చేశారని, రిబ్బను చేసిన తప్పు తాను చేయకూడదనుకున్నారని ఈ వాదం చేసేవాళ్లు అంటారు. తెలివైన వాదమే.

నేను నమ్మలేకపోవడానికి కారణం తిరుపతి. రోజూ వేలమంది వచ్చిపోయే ఈ ఊరికి మించి మనిషి దాక్కోవడానికి అనువైన చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు, అప్పులకు పారిపోయినవాళ్లు, సన్యాసం పుచ్చుకుంటామన్నవాళ్లు ఇక్కడికి వస్తారు. కొండమీద గుండు చేయించుకుంటే, ఇంటివాళ్లు తెచ్చిన ఫొటో పట్టుకుని ఎదురుగా నిలబెట్టినా పోలీసులు గుర్తుపట్టలేరు. అలాంటి కేసులు పాతిక దాకా నా ముందుకు ఏదో ఒక రూపంలో వచ్చాయి. వాళ్లు దొరికిపోయింది పోలీసుల చాకచక్యం వల్ల కాదు. ఉగాదికో సంక్రాంతికో ఉండబట్టలేక ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఆమె గొంతు విని పెట్టేసేవాళ్లు. తల్లికి తెలిసిపోయేది. 'మా వోడే సార్, ఊపిరి పీల్చేది విన్నాను' అని ఒకామె నా ఎదుటే చెప్పింది. వాడు రేణిగుంటలో ఒక హోటల్లో గిన్నెలు కడుగుతూ దొరికాడు. గ్రీకార్‌కు ఒక్కగానొక్క కూతురు. ఆమెతో ఆయన అనుబంధం ఎంత గట్టిదో తెలిసినవాళ్లంతా చెప్పారు. ఆమెకు మౌనంగా అయినా ఒక్క ఫోన్ చేయకుండా ఇన్నేళ్లు ఉండగలిగే మనిషి ఆయన కాదని నేననుకుంటాను. ఆరేళ్లు చూసి, నాన్న చనిపోయినట్టు ప్రకటించమని కోర్టుకెళ్లింది ఆ అమ్మాయే. డబ్బు సంగతీ చూడు. మాయమయ్యాక ఆయన ఖాతాల్లోంచి, కార్డుల్లోంచి పైసా కదల్లేదు. ఆయన వేలిముద్రలు పోలీసుల దగ్గరున్నాయి. 2011లో యూటా రాష్ట్రంలో పేరు చెప్పని ఒక మనిషి పట్టుబడితే, ఆయనే అయి ఉంటారని పెద్ద కలకలం రేగింది. వేలిముద్రలు పోల్చారు, కాదని తేలిపోయింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి వద్దాం. దాన్ని నాశనం చేసింది ఆయనే అని ఎందుకంటున్నానంటే, వెతికింది ఆయన ఇంటి కంప్యూటరులో. నీళ్లలో పడితే ఏమవుతుందని వెతికారు, అది నీళ్లలోనే దొరికింది. హార్డ్‌డిస్క్ విడిగా తీసి ఉంది. తొందరలో ఉన్న హంతకుడు మొత్తం పెట్టెను విసిరేస్తాడు, స్క్రూలు విప్పుతూ కూర్చోడు. అయితే దీనివల్ల ఆయన చావో పారిపోవడమో తేలుతుందా? తేలదు. ఆ ఏడాది చివర్లో పదవి వదిలేస్తున్న మనిషి ఆయన. ల్యాప్‌టాప్ ఆఫీసుది, తిరిగి ఇచ్చేయాలి. నేను రిటైరయ్యే ముందు ఇరవై రెండేళ్ల నోటు పుస్తకాలు ఇంటి పెరట్లో తగలబెట్టాను. సాక్షుల ఊళ్లు, రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు, కొన్ని నా సొంత బాధలు కూడా రాసుకున్న పుస్తకాలవి. ఎవరి కంట పడకూడదనే తప్ప అందులో నేరమేమీ లేదు. మరుసటి వారం నేను ఏ లారీ కిందో పడి ఉంటే, ఆ బూడిద చూపించి ఎన్ని కథలు అల్లేవారో. గ్రీకార్ ఆ రోజు నది దగ్గరికి ల్యాప్‌టాప్ పడేయడానికే వెళ్లి ఉండొచ్చు. చనిపోయే ముందు లెక్కలన్నీ సర్దుకుంటూ పడేసి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ మూడు వాదాల్లోనూ ఇముడుతుంది. మూడింటికీ సరిపోయే సాక్ష్యంతో ఏ ఒక్కదాన్నీ గెలిపించలేం.

మన సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో పరిస్థితుల సాక్ష్యానికి ఐదు సూత్రాలు చెప్పింది. పంచశీల అని మేం పిలుచుకునేవాళ్లం. అందులో నీకు కావాల్సింది, గొలుసులో లింకులన్నీ కలవాలి, అవి ఒకే ఒక్క నిర్ణయానికి తీసుకెళ్లాలి, వేరే ఏ అర్థానికీ తావివ్వకూడదు అన్నది. ఆ కొలబద్దతో చూస్తే మూడు వాదాల్లో ఏదీ నిలవదు. నన్ను నిలబెట్టి అడిగితే మాత్రం, అన్న మరణం, నది, హార్డ్‌డిస్క్ ఈ మూడూ చూసి ఆత్మహత్య వైపు మొగ్గుతాను. పర్సు, తాళాలు వెంట తీసుకెళ్లడం, చనిపోతున్నానని చీటీ రాయకపోవడం నన్ను అడ్డుకుంటున్నాయి. కారులో బూడిద, ఆ స్త్రీ ఉన్నంతవరకు హత్య అనే తలుపు మూయను. పారిపోయారన్నది మాత్రం నా వరకు పక్కన పెట్టేశాను.

శవం లేకుండా మరణం ఎలా ప్రకటించారన్నావు. మన దగ్గర సాక్ష్య చట్టంలో 107, 108 సెక్షన్లు ఉండేవి. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చాక అవే 110, 111 అయ్యాయి. ఏడేళ్లుగా, బతికి ఉంటే సహజంగా కబురు అందాల్సినవాళ్లకు కూడా ఆ మనిషి గురించి ఏమీ తెలియలేదంటే, బతికే ఉన్నాడని చెప్పేవాడి మీదే రుజువు భారం పడుతుంది. గ్రీకార్ విషయంలో కోర్టు ఏడేళ్లు నిండకముందే, ఆరేళ్ల మూడు నెలలకే ప్రకటించింది. ఏడేళ్ల లెక్కన అయితే ఆ అమ్మాయి ఇంకో తొమ్మిది నెలలు ఆగాల్సి వచ్చేది. హత్య నేరానికి శవం తప్పనిసరి కాదన్నది కూడా రాసుకో. 1981లో రామానంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. కానీ శవం లేనప్పుడు మిగతా సాక్ష్యం రెండింతలు బరువు మోయాలి.

ఇంకో తీర్పు ఉంది, దాన్ని తప్పకుండా చదువు. 2004లో ఎల్‌ఐసీ, అనురాధ కేసు. ఏడేళ్లకు చనిపోయాడని భావించవచ్చు, కానీ ఫలానా తేదీన చనిపోయాడని భావించడానికి వీల్లేదని అందులో చెప్పారు. ఆ తీర్పు కాగితం మీద చదివినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. పలమనేరు వైపు ఒక పల్లె నుంచి ఒకామె వచ్చిన రోజు దాని బరువు తెలిసింది. ఆమె భర్త చిన్న ప్రభుత్వోద్యోగి. ఒకరోజు పని మీద తిరుపతికని చెప్పి వెళ్లాడు. బస్టాండు దగ్గర బండ్లు పెట్టే స్టాండులో అతని స్కూటరు దొరికింది, మనిషి దొరకలేదు. ఊళ్లోనూ మూడు కథలే నడిచాయి. భూమి కాగితాల తగాదాలో చంపేశారని కొందరు, అప్పులకు తాళలేక ఏ బావిలోనో పడ్డాడని కొందరు, కొండల్లో స్వామి అయిపోయాడని కొందరు. ఆమె ముగ్గురి మాటా విని ముగ్గురికీ తలూపేది. ఏడేళ్లూ బొట్టు తీయలేదు, ఏడేళ్లూ పెళ్లిళ్లకు పోలేదు. పొలం పాసుబుక్కు పిల్లల పేరు మీదికి మార్చుకోవాలంటే కోర్టు కాగితం కావాలన్నారు. నాకు తెలిసిన సివిలు వకీలు దగ్గరికి పంపాను. డిక్రీ వచ్చింది.

కాపీ చేతికొచ్చిన రోజు చిత్తూరు కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఆమె దాన్ని నా చేతికిచ్చి, "ఇందులో తేదీ యాడుంది సార్, చూపీండి" అనింది. ఏ తేదీ అమ్మా అన్నాను. "ఆయన పోయిన తేదీ. తద్దినం ఏ తిథికి పెట్టాల?" అనింది. అందులో తీర్పిచ్చిన తేదీ తప్ప మరో తేదీ లేదు. ఇల్లు వదిలిన రోజే పెట్టుకోమని పక్కనున్నవాళ్లు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పొద్దు తన చేత్తో సంగటి పెట్టి పంపించానని, బతికి గడప దాటిన మనిషికి ఆ రోజు పిండం పెట్టనని చెప్పింది. తిథి తెలియనివాళ్లకు మహాలయ అమావాస్య ఉందని పురోహితుడు చెప్పాడు. కపిలతీర్థంలో ప్రతి ఏడాదీ ఆ రోజే పెడుతోంది.